మూడు లక్షల కిలోమీటర్లు దాటిన పికప్ ఆయిల్ తాగుతోంది: ఇంజన్ విప్పాలా?

ప్రశ్న: నాకు 2014 మోడల్ టర్బో డీజిల్ పికప్ ఉంది. 3,40,000 కిలోమీటర్లు తిరిగింది, ఇంజన్ ఇంతవరకు విప్పలేదు. మదనపల్లె చుట్టుపక్కల పొలాల నుంచి టమాటా మార్కెట్టుకు తోలుతాను, వారానికి రెండు మూడు సార్లు మొగిలి ఘాట్ మీదుగా చెన్నై కోయంబేడు మార్కెట్టుకు లోడు వేస్తాను. ఏడాదిగా ఆయిల్ తగ్గిపోతోంది. ఇప్పుడు వెయ్యి కిలోమీటర్లకు దాదాపు లీటరు పోయాల్సి వస్తోంది. ఎలాగూ తగ్గుతుంది కదా అని ఫుల్ గీతకు కాస్త పైకే పోస్తున్నాను. బండి కింద చుక్క కూడా పడదు. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు, ఘాట్ దిగాక యాక్సిలరేటర్ తొక్కగానే నీలం పొగ వస్తుంది. బండి లాగే శక్తి తగ్గలేదు, రేడియేటర్‌లో నీళ్లు తగ్గడం లేదు. ఎయిర్ ఫిల్టర్‌కు నెలకోసారి గాలి కొట్టిస్తాను. ఒక మెకానిక్ రింగులు పోయాయి, ఫుల్ ఇంజన్ పనికి 95 వేలు అవుతుందన్నాడు. ఇంకో మెకానిక్ చిక్కటి ఆయిల్ పోసి, అందులో ఒక మందు డబ్బా కలపమన్నాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: ఇద్దరి మాటా ఇప్పుడే వినవద్దు. మొదటి మెకానిక్ చెప్పింది చివరికి నిజమే కావచ్చు, కానీ ఆయన ఏమీ కొలవకుండానే ఆ మాట అన్నారు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) ఉన్న డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ పోయే దారులు చాలా ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే ఖర్చయ్యేది పిస్టన్ చుట్టూ ఉండే రింగుల దారి. తక్కువ ఖర్చుతో తేలిపోయే దారులన్నీ చూసిన తరువాతే దాని దగ్గరకు రావాలి. అంతవరకు మీ బాధ్యత ఒక్కటే, ఆయిల్ మట్టం కింది గీతను తాకకుండా చూసుకోవడం.

మీరు చెప్పిన లెక్క చిన్నది కాదని ముందుగా ఒప్పుకోవాలి. లోడు మీద మీ బండి లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, వెయ్యి కిలోమీటర్లకు 83 లీటర్ల డీజిల్ పడుతుంది. దానితో పాటు ఒక లీటరు ఆయిల్ ఖర్చవుతోందంటే డీజిల్‌లో ఒక శాతం దాటింది. మంచి స్థితిలో ఉన్న డీజిల్ ఇంజన్‌లో ఇది అర శాతం కూడా ఉండదు. బరువు మోసే బండ్లకు కిలోమీటర్ల కంటే డీజిల్‌తో పోల్చి చూసే ఈ లెక్కే నమ్మదగినది, ఎందుకంటే ఖాళీగా తిరిగిన వెయ్యి కిలోమీటర్లూ లోడుతో తిరిగిన వెయ్యి కిలోమీటర్లూ ఇంజన్‌కు ఒకటి కావు. మూడు లక్షలు దాటిన ఇంజన్ మూడు నాలుగు వేల కిలోమీటర్లకు ఒక లీటరు తీసుకుంటే నేను పట్టించుకోను. వెయ్యికి లీటరు అంటే మాత్రం కారణం వెతకవలసిందే.

అయితే ఆ లీటరు నిజంగా లీటరేనా అన్న అనుమానం మీ ఉత్తరంలోనే ఉంది. ఫుల్ గీతకు పైకి పోయడం ఆయిల్ ఖర్చును తగ్గించదు, పెంచుతుంది. మట్టం ఎక్కువైతే తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది, ఆ తుంపర ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ పైపులోంచి టర్బోకు వెళ్లే గాలిలో కలిసి ఇంజన్‌లో కాలిపోతుంది. మీరు ఎక్కువగా పోసిన ఆయిల్‌లో కొంత ఈ దారినే పోతూ, మీకు మళ్లీ తగ్గినట్టు కనిపిస్తూ ఉండవచ్చు. ఇకపై రెండు గీతల మధ్య, పై గీతకు కొద్దిగా కిందనే ఉంచండి. ఆయిల్ మట్టం చూసే కడ్డీని, అంటే డిప్‌స్టిక్‌ను ఎప్పుడు చూస్తున్నారన్నది కూడా ముఖ్యమే. ఇంజన్ ఆపిన వెంటనే చూస్తే ఆయిల్ ఇంకా ఇంజన్ పై భాగమైన హెడ్ మీద, గోడల మీద ఉండి మట్టం తక్కువగా చూపుతుంది. బండి సమతలం మీద ఉండాలి, ఇంజన్ వేడెక్కి ఆగి పది నిమిషాలైనా గడవాలి, ప్రతిసారీ అదే చోట, అదే పద్ధతిలో చూడాలి. మార్కెట్ యార్డులో ఒకరోజు వాలు మీద, మరొకరోజు చదును మీద చూసిన లెక్కలను పోల్చలేము.

కొలత ఇలా తీయండి. ఒకసారి ఆయిల్‌ను సరిగ్గా పై గీత వరకు తెచ్చి మీటర్ రీడింగ్ రాసుకోండి. మట్టం గీతల మధ్యకు వచ్చినప్పుడు, మిల్లీలీటర్ల గుర్తులున్న సీసాతో కొలిచి మళ్లీ అదే గీత వరకు పోయండి. ఎంత పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఆ మధ్య ఎంత డీజిల్ కొట్టించారో పక్కపక్కన రాయండి. ఇలా రెండు మూడు విడతలు తీస్తే అంకె నిలబడుతుంది. ఏ మెకానిక్ దగ్గరకు వెళ్లినా ఆ కాగితం చూపించే మాట్లాడండి. ఈలోగా డిప్‌స్టిక్ వాసన కూడా చూడండి. డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్ అరిగి కారి డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంటే మట్టం తగ్గవలసినంత తగ్గదు, ఆయిల్ పలచబడి డీజిల్ వాసన వేస్తుంది. అప్పుడు మట్టం బాగున్నట్టు కనిపిస్తూనే బేరింగులు అరిగిపోతాయి.

ఇక బయటికి కారడం సంగతి. నిలబెట్టిన బండి కింద చుక్క పడలేదన్నంత మాత్రాన కారడం లేదనుకోకూడదు. క్రాంక్ వెనుక ఆయిల్ సీల్, టాపెట్ కవర్ ప్యాకింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్ వంటివి ఇంజన్ తిరుగుతున్నప్పుడే కారుతాయి, ఆ ఆయిల్ గాలికి వెనక్కి కొట్టుకుపోయి దుమ్ముతో కలిసి గేర్‌బాక్సు మీద నల్లటి అట్టలా గట్టిపడుతుంది. చాలా పికప్‌లలో బ్రేక్ వ్యాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనుకనే ఉంటుంది, దానికి ఆయిల్ వెళ్లే సన్నటి పైపూ తిరిగి వచ్చే గొట్టమూ ఉంటాయి. అక్కడ సీల్ పోతే ఆయిల్ ఆల్టర్నేటర్ లోపలికే వెళ్తుంది కాబట్టి కింద ఏమీ కనిపించదు. ఇంజన్ అడుగు శుభ్రంగా కడిగించి, రెండు వందల కిలోమీటర్లు తిరిగాక టార్చిలైటుతో చూస్తే తడి ఎక్కడ మొదలైందో దొరుకుతుంది. ఎప్పుడూ పైన ఉన్న తడి చోటునే అనుమానించాలి, కింద ఉన్నవన్నీ దాని ధారలే.

కారడం లేదని తేలితే, మీ బండి విషయంలో నా అనుమానం ముందుగా టర్బో, బ్రీదర్, గాలి దారి మీదకే పోతోంది. అందుకు కారణం మీరు చెప్పిన ఘాట్ పొగ. మొగిలి ఘాట్‌ను గేర్‌లో దిగుతున్నంతసేపు ఇంజన్‌కు డీజిల్ దాదాపు అందదు, టర్బో ఒత్తిడి పడిపోతుంది, సీళ్ల దగ్గరా రింగుల దగ్గరా జారిన ఆయిల్ కాలకుండా పోగవుతుంది. కింద మీరు యాక్సిలరేటర్ తొక్కగానే అదంతా ఒకేసారి మండి నీలం పొగగా బయటికి వస్తుంది. పెట్రోల్ బండిలో ఇదే లక్షణానికి వాల్వ్ సీళ్లను పట్టుకుంటారు, ఎందుకంటే అక్కడ థ్రాటిల్ మూసుకున్నప్పుడు ఇన్‌టేక్‌లో గట్టి పీల్పు పుట్టి వాల్వ్ గైడ్ల గుండా ఆయిల్‌ను లాగుతుంది. పాత డీజిల్ ఇంజన్‌లో అలా గాలిని మూసే థ్రాటిల్ లేదు కాబట్టి ఆ పీల్పూ లేదు. పెట్రోల్ కార్ల గురించి చెప్పే సలహాను డీజిల్ పికప్‌కు అతికించడం వల్ల అనవసరంగా హెడ్లు దించిన సందర్భాలు షెడ్లలో కనిపిస్తూనే ఉంటాయి. పొద్దుటి పొగకు మాత్రం రాత్రంతా వాల్వ్ కాడల వెంట దిగిన ఆయిల్ కారణం కావచ్చు. కానీ అది కాసేపటికే ఆగిపోతే, వెయ్యికి లీటరు అన్న లెక్కను అదొక్కటే వివరించలేదు. ఆ పొగ నీలంగా కాక తెల్లగా, కళ్లు మండేలా ఉంటే అది కాలని డీజిల్, గ్లో ప్లగ్గులనో (చల్లటి ఇంజన్‌ను స్టార్టింగ్‌కు వేడి చేసేవి) ఇంజెక్టర్లనో చూడాలి.

మీ దారికి సంబంధించిన ఒక విషయం ఇక్కడ చెప్పాలి. మీ లోడు ఎత్తు నుంచి పల్లానికి వెళ్తుంది, ఘాట్ ఎక్కేది ఎక్కువగా ఖాళీ బండి. అరిగిన రింగులు బయటపడేది నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడే, అప్పుడు పొగ ఆగకుండా వస్తుంది, ఇంజన్ గాలి చాంబర్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే భాగం) దిగి బ్రీదర్ నుంచి తన్నుతుంది. మీ రోజువారీ ప్రయాణంలో ఆ పరీక్ష ఎదురుకావడమే లేదు. ఒకసారి లోడుతో ఏదైనా ఎత్తు ఎక్కుతూ, వెనుక మరో బండిలో ఎవరినైనా రమ్మని పొగ రంగు చూడమనండి.

ఆ తరువాత బ్రీదర్ చూడాలి. ఇంజన్ వేడిగా ఉండి ఐడిల్‌లో తిరుగుతుండగా ఆయిల్ పోసే మూతను తిప్పి వదులు చేసి అక్కడే ఉంచండి. కొద్దిపాటి ఆవిరి రావడం సహజమే. మూత ఎగిరెగిరి పడుతూ, గాలి గుప్పుగుప్పున తన్నుతుంటే చాంబర్‌లో ఒత్తిడి ఎక్కువగా ఉందని అర్థం. దీనికి రింగులైనా కారణం కావచ్చు, బురద పట్టి మూసుకుపోయిన బ్రీదర్ పైపైనా కావచ్చు. పైపు, దాని జాలీ విప్పి కడిగించాక మళ్లీ చూడండి. అప్పటికీ తన్నుతుంటేనే రింగుల మాట ఎత్తాలి.

టర్బోను అనుమానించేటప్పుడు మెకానిక్ చేత ఒక పని మీ కళ్ల ముందు చేయించండి. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు వచ్చే గొట్టం, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే జాలీ) వెళ్లే గొట్టం, రెండూ విప్పించి లోపల వేలు పెట్టి చూడండి. బ్రీదర్ పైపు కలిసేది సాధారణంగా టర్బోకు ముందున్న గొట్టంలోనే. ఆ గొట్టమే తడిసి కారుతుంటే ఆయిల్ బ్రీదర్ నుంచి వస్తోంది, టర్బోది తప్పు కాదు. అది పొడిగా ఉండి, టర్బో తరువాతి గొట్టంలో ఆయిల్ నిలిచి ఉంటే టర్బో సీల్ వదిలేస్తోంది. పలుచని జిడ్డు పొర ఏ పాత డీజిల్‌లోనైనా ఉంటుంది, దానికి కంగారు పడకండి. గొట్టం వంచితే ధార కట్టేంత ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలి. అలాగే టర్బో చక్రాన్ని వేళ్లతో పట్టుకుని కదిపి చూడమనండి. పక్కలకు కొద్దిపాటి కదలిక ఉండవచ్చు, ముందుకూ వెనక్కూ చేతికి తెలిసేంత కదలిక ఉండకూడదు, రెక్కల అంచులు గోడకు రాసుకున్న గీతలు అసలే ఉండకూడదు. సైలెన్సర్ వైపు కూడా ఇదే తర్కం వర్తిస్తుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పొడిగా ఉండి టర్బో బయటి ముఖం తడిగా ఉంటే టర్బోను, మానిఫోల్డే తడిగా ఉంటే ఇంజన్‌ను అనుమానించాలి.

సీల్ వదిలేసిందని తేలినా వెంటనే కొత్త టర్బో కొనవద్దు. టర్బోలోకి వెళ్లిన ఆయిల్ తన బరువుతోనే కింది పైపు గుండా చాంబర్‌లోకి దిగుతుంది. ఆ పైపు మసి పట్టి ఇరుకైనా, వంగినా, చాంబర్‌లో ఒత్తిడి ఎక్కువగా ఉన్నా ఆయిల్ దిగలేక సీళ్లను తోసుకుని బయటపడుతుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినప్పుడు కూడా టర్బో పీల్చే వైపు ఒత్తిడి పడిపోయి ఆయిల్‌ను లాగుతుంది. ఈ మూడూ సరిచేయకుండా టర్బో మారిస్తే కొత్తది కూడా కొద్ది రోజుల్లోనే పొగ వదులుతుంది, మీ డబ్బు పోతుంది.

ఎయిర్ ఫిల్టర్ గురించి కాస్త గట్టిగానే చెప్పదలిచాను. మీరు పొలాల మట్టి బాటల్లో తిరుగుతారు. అక్కడి ఎర్ర దుమ్ములో ఉన్న సన్నటి ఇసుక సిలిండర్ గోడలను ఆకురాయిలా గీకుతుంది. నెలనెలా కంప్రెసర్ గాలి కొట్టించడం వల్ల కాగితపు ఫిల్టర్‌లో కంటికి కనిపించని చిరుగులు పడతాయి, చూడటానికి శుభ్రంగా ఉన్న ఫిల్టర్ దుమ్మును లోపలికి వదిలేస్తుంది. గాలి కొట్టడం మానేసి, కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే కొత్తది వేయండి. ఫిల్టర్ పెట్టె రబ్బరు అంచు, గొట్టాల క్లిప్పులు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. ఫిల్టర్ తరువాతి గొట్టంలో మట్టి పొర కనిపిస్తే నష్టం మొదలైందనే తెలుసుకోండి. మీ ఇంజన్‌లో రింగులూ బోరూ నిజంగా అరిగి ఉంటే, వయసు కంటే ఈ దుమ్మే పెద్ద కారణమై ఉంటుందని నా అభిప్రాయం.

ఇవన్నీ చూశాక కూడా ఆయిల్ తగ్గుతుంటే అప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి, కొలిపించండి. డీజిల్ ఇంజన్‌కు ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే వేరే గేజ్ కావాలి, పెట్రోల్ గేజ్ పనికిరాదు. నాలుగు సిలిండర్ల అంకెలూ రాయించుకుని, మీ ఇంజన్ మాన్యువల్‌లోని కనిష్ఠ అంకెతో పోల్చండి, వాటిలో ఏదైనా మిగతావాటికంటే బాగా తక్కువగా ఉందా అన్నది కూడా చూడండి. కంప్రెషన్ తక్కువగా ఉన్న సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్లీ కొలవడం పెట్రోల్ ఇంజన్ పద్ధతి. డీజిల్‌లో పిస్టన్ పైన ఖాళీ చాలా తక్కువ కాబట్టి ఆ ఆయిల్ అంకెను తప్పుగా పెంచి చూపుతుంది, ఎక్కువ పోస్తే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదమూ ఉంది. ఆ పని చేయనివ్వవద్దు. ఇంకో సంగతి, కంప్రెషన్ బాగా ఉన్నంత మాత్రాన రింగులు బాగున్నట్టు కాదు. పై రింగులు ఒత్తిడిని ఆపుతాయి, కింది ఆయిల్ రింగు గోడ మీది ఆయిల్‌ను గీకి దించుతుంది. ఆయిల్ మార్పు ఆలస్యమైతే మసి పట్టి బిగుసుకుపోయేది ముందుగా ఆ కింది రింగే. లాగే శక్తి తగ్గకుండా ఆయిల్ మాత్రం తగ్గే మీ లక్షణం దానికీ సరిపోతుంది. మంచి ఆయిల్‌ను తక్కువ గడువుకు రెండు మూడు సార్లు మారిస్తే కొన్ని ఇంజన్లలో ఆ రింగు కొంత వదులవుతుంది. ఖచ్చితంగా అవుతుందని చెప్పలేను కానీ, 95 వేలు పెట్టే ముందు చేసి చూడదగిన ప్రయత్నం.

ఏ ఆయిల్ అంటారా, మాన్యువల్‌లో ఉన్నదే. ఆ కాలపు టర్బో డీజిళ్లకు ఎక్కువగా 15డబ్ల్యూ-40 చిక్కదనం, సీఐ-4 ప్లస్ నాణ్యత స్థాయి ఉన్న ఆయిల్ సరిపోతుంది. మన ఎండలకు ఆ చిక్కదనం చాలు. 20డబ్ల్యూ-50 పోస్తే పొగ కొంత తగ్గినట్టు కనిపించవచ్చు, కానీ పొద్దున స్టార్ట్ చేసినప్పుడు టర్బో బేరింగుకు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది, అసలు లోపం మాత్రం అలాగే ఉంటుంది. మందు డబ్బాల మీద డబ్బు పెట్టవద్దు. విడిగా డ్రమ్ము నుంచి పోసే ఆయిల్ కొనవద్దు, సీలు చెదరని డబ్బాయే తీసుకోండి. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్-6 పికప్‌లు ఉన్న పాఠకులకు ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం: డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండ్లలో కాలిన ఆయిల్ బూడిద ఆ ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది, కాబట్టి వాటిలో ఆయిల్ ఖర్చును ఇంత ఓపికగా చూస్తూ ఉండకూడదు, తక్కువ బూడిద ఇచ్చే ఆయిల్‌నే వాడాలి.

ఇక డబ్బు లెక్క. నెలకు నాలుగు వేల కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం, ఆయిల్ లీటరు 400 రూపాయలనుకుందాం. నెలకు 1,600, ఏడాదికి 19,200. ఇంజన్ పనికి అడిగిన 95 వేలు దాదాపు ఐదేళ్ల ఆయిల్ ఖర్చుతో సమానం. కేవలం ఆయిల్ ఆదా కోసం ఇంజన్ విప్పడం లాభం కాదు. స్టార్టింగ్ కష్టమైనా, లోడు లాగలేకపోయినా, చాంబర్‌లో ఒత్తిడి తగ్గకపోయినా, నెలనెలా ఆయిల్ లెక్క పెరుగుతూ పోయినా అప్పుడు విప్పాలి. మీ బండికి ఎనిమిదేళ్లు దాటాయి కాబట్టి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి, పొగ పరీక్షలో నిలబడకపోతే బండి ఆగిపోతుంది. ఆ గడువును చూసుకుని, టమాటా రాబడి తక్కువగా ఉన్న నెలల్లో పని పెట్టుకోవడం మంచిది.

అంతవరకు బండి నడపడంలో రెండు జాగ్రత్తలు తప్పవు. డ్యాష్‌బోర్డు మీది ఆయిల్ దీపం మట్టాన్ని చూపదు, ఒత్తిడి పడిపోయాక వెలుగుతుంది. ఘాట్ మలుపులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి పంపు గాలిని పీల్చిన క్షణంలో బేరింగులూ టర్బో దెబ్బతింటాయి, దీపం వెలిగేసరికి ఆలస్యమై ఉండవచ్చు. కోయంబేడు బయలుదేరే ప్రతిసారీ డిప్‌స్టిక్ చూడండి, సీటు వెనుక అదే గ్రేడు ఆయిల్ లీటరు డబ్బా ఉంచండి. రెండోది ప్రాణానికి సంబంధించినది. ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ నిలిచిపోతే డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా పీల్చి, కాలు తీసినా, తాళం తిప్పినా ఆగకుండా రెచ్చిపోగలదు. అలా జరిగితే కంగారు పడకుండా బండిని పై గేర్‌లో ఉంచి, ఫుట్ బ్రేకూ హ్యాండ్ బ్రేకూ గట్టిగా పట్టి క్లచ్ వదిలి ఇంజన్‌ను ఆపండి. అది కుదరకపోతే మనుషులను దూరంగా పంపి, గాలి పీల్చే గొట్టాన్ని చెక్కముక్కతో మూయాలి, చేత్తో మాత్రం ఎప్పుడూ మూయకూడదు. టర్బో తరువాతి గొట్టంలో ధార కట్టేంత ఆయిల్ కనిపించిన రోజున, అది శుభ్రం చేసి కారణం సరిచేసేదాకా లోడు వేయవద్దు.

చివరికి ఇంజన్ విప్పవలసి వస్తే, రింగులు మాత్రమే మార్చే హాఫ్ ఇంజన్ పనికి ఒప్పుకునే ముందు బోరింగ్ షాపులో సిలిండర్లను గేజ్ పెట్టి పైనా, మధ్యలో, కిందా కొలిపించండి. గోడ కోలగానో పైన వెడల్పుగానో అరిగి ఉంటే కొత్త రింగులు అందులో కూర్చోవు, రీబోర్ (సిలిండర్‌ను కాస్త పెద్దగా తొలిచి సరిచేయడం) లేదా కొత్త స్లీవులు (సిలిండర్ లోపలి గొట్టాలు) తప్పవు. హెడ్, వాల్వ్ గైడ్లు, ఆయిల్ పంపు, ఆయిల్ కూలర్ అదే సమయంలో చూపించండి. ఇంటర్‌కూలర్, దాని గొట్టాలు కడగకుండా బిగిస్తే పాత ఆయిల్ వల్ల కొన్ని రోజులు పొగ వచ్చి, పని చెడిందన్న అనుమానం మీకు కలుగుతుంది. బిగించాక ఎక్కువసేపు ఐడిల్‌లో ఉంచకుండా, మొదటి వెయ్యి కిలోమీటర్లు తేలికపాటి లోడుతో వేగం మారుస్తూ నడిపి ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. రింగులు కూర్చునేదాకా కొంత ఆయిల్ తగ్గుతుంది. మీరు రాసుకునే కాగితంలో ఆ లెక్క నాలుగైదు వేల కిలోమీటర్ల లోపల దిగి నిలబడకపోతే, ఆ కాగితంతోనే షాపు వారిని అడగండి.